కష్టం కనపడాలి

ఆ ప్రకటన పేపర్లో పడిన ఏడాది నాకు నలభై రెండు నడుస్తోంది. దానికి వయసు పరిమితి కూడా నలభై రెండే. మా ఊళ్ళోనే ఉన్న ఒక ప్రభుత్వ ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్ పోస్టు. ఏ ఆఫీసో చెప్పను, ఇందులో వాళ్ళ తప్పేమీ లేదు. రాతపరీక్ష లేదు, ఇంటర్వ్యూ లేదు, సిఫార్సు అక్కర్లేదు. కాకినాడ వెళ్ళి కంప్యూటర్ మీద పని చేసి చూపించాలి, అంతే. వేగానికి ఇన్ని మార్కులు, తప్పుల్లేకుండా చేస్తే ఇన్ని మార్కులు అని వేశారు. వేగానికి మార్కులు అన్న ముక్క దగ్గర వేలు పెట్టి మళ్ళీ చదువుకున్నాను. చేతిలో ఇస్త్రీ పెట్టె వేడెక్కిపోతోంది, మా ఆయన చొక్కా సగంలో ఉంది. ఈ ఏడాది తప్పితే ఇక ఈ జన్మకి అలాంటి ఉద్యోగానికి నేను పనికిరాను. నాకది కావాలి. పెళ్ళయ్యాక నా కోసం నేను ఏదైనా అంతగా కావాలనుకోవడం అదే మొదటిసారి.

ఎందుకంత పట్టుదలో తెలియాలంటే మా షాపు సంగతి చెప్పాలి.

మాది పాలకొల్లు. బస్టాండు నుంచి బజారు వైపు వెళ్ళే దారిలో మాకో డిటిపి షాపు ఉంది. పెళ్ళికార్డులు, ఓణీల ఫంక్షను కార్డులు, గృహప్రవేశాలు, దినం కార్డులు, కొత్త కొట్ల కరపత్రాలు, అన్నీ చేస్తాం. చేస్తాం అన్నాను గానీ, చేసేది నేను. మా ఆయన కౌంటరులో కూర్చుంటారు. వచ్చినవాళ్ళని రమ్మనడం, కూర్చోబెట్టడం, వాళ్ళ ఊరేదో కనుక్కుని ఆ ఊళ్ళో మనకి తెలిసినవాళ్ళెవరో చెప్పడం, టీ చెప్పడం, బేరం తెగ్గొట్టడం ఆయన పని. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు కదా, ఆ లెక్కన పాలకొల్లంత మంచి ఊరు ఆయనకి ఇంకోటి లేదు. లోపల కంప్యూటర్ ముందు నేను. నా పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ. కార్డు వేయించుకునేవాళ్ళు అందులో కూర్చుని, నేను కొడుతుంటే తెర మీదకి వంగి చూస్తారు. బావగారి పేరు తమ్ముడి పేరు కింద పడిందంటారు, మేనమామ ఇంటిపేరు రాలేదంటారు. పెళ్ళికార్డన్నాక పక్కన మనిషి కూర్చోకుండా మా వైపు ఏ షాపులోనూ పని జరగదు.

నేను పుట్టింది పాలకొల్లు పక్కనే ఒక పల్లెటూళ్ళో. మా నాన్న వరి రైతు. ఇంటర్ అయ్యాక సంబంధం కుదిరేదాకా ఆడపిల్లని ఖాళీగా ఉంచకూడదని ఆ రోజుల్లో అయితే కుట్టు మిషను దగ్గరికి, లేకపోతే టైపు ఇన్‌స్టిట్యూటుకి పంపేవారు. నాకు కుట్టు అబ్బలేదు. సైకిలు మీద వెళ్ళి టైపు నేర్చుకున్నాను. మా మాస్టారు మా చేతుల మీద కర్చీఫు కప్పి కొట్టించేవారు. కళ్ళు కాగితం మీద ఉండాలి, వేళ్ళు వాటి దారిన అవి పోవాలి. లోయరు, హయ్యరు రెండూ ప్యాసయ్యాను. టైపు వచ్చిన పిల్ల అని విని, డిటిపి షాపు పెట్టబోతున్న మా ఆయన వాళ్ళు మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చారు. నా వేళ్ళని చూసి చేసుకున్నారని మా అత్తగారు సరదాగా అంటుండేవారు. అది సరదా మాట కాదని తర్వాత తెలిసింది.

షార్ట్‌కట్‌లు నాకెవరూ నేర్పలేదు. ఒక మాఘమాసం, ముహూర్తాలన్నీ ఒక్కసారి మీద పడినప్పుడు, మా మౌసు చచ్చిపోయింది. ఆదివారం. సామాన్లు అమ్మే కొట్టు మూసేసి ఉంది. కార్డులు పొద్దుగూకేలోపు ప్రెస్సుకి వెళ్ళాలి. మా ఆయన తల పట్టుకున్నారు. నేను ఆల్ట్ నొక్కి చూశాను, పైన మెనూ వెలిగింది. బాణం గుర్తుల మీటలతో కిందకి దిగాను. ప్రతి పనికీ ఎదురుగా, కుడివైపు, ఏ రెండు మీటలు కలిపి నొక్కితే అది అవుతుందో రాసే ఉంది. ఇన్నాళ్ళూ నా కళ్ళెదుట ఉన్నదే, చూసుకోలేదు. సాయంత్రమయ్యేసరికి కార్డులన్నీ అయిపోయాయి, ఇంకా వెలుతురు ఉంది. ఆ రోజు నేను పడ్డ సంతోషం మా ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. కుడిచెయ్యి మాటిమాటికీ లేచి మౌసు దగ్గరికి పోయి రానక్కర్లేదు. రెండు చేతులూ ఒకేచోట ఉండి, మనసులో అనుకున్నది అనుకున్నట్టు తెర మీద పడుతుంటే, నాలుగు పొయ్యిల మీద నాలుగు గిన్నెలు పెట్టి ఒక్కటీ మాడకుండా దింపినట్టు ఉండేది.

ఆ తర్వాత నేను ఆగలేదు. కాపీకి కంట్రోల్ సి, అతికించడానికి కంట్రోల్ వి అన్నవి అందరికీ తెలిసినవే. కంట్రోల్ పట్టుకుని బాణం నొక్కితే ఒక్కో మాట దాటుకుంటూ పోవడం, షిఫ్ట్ కలిపితే దాటినదంతా ఎంచుకోవడం, కంట్రోల్ హెచ్ తో కార్డంతా ఉన్న పాత పేరుని ఒక్క దెబ్బకి కొత్త పేరు చేయడం, ఆల్ట్ ట్యాబ్ తో ఒక కార్డు లోంచి ఇంకో కార్డులోకి గెంతడం. శ్రీరస్తు శుభమస్తు నుంచి బంధుమిత్రుల అభినందనల దాకా అన్నింటికీ పొడి అక్షరాలు పెట్టుకున్నాను. రెండక్షరాలు కొడితే నాలుగు లైన్లు వచ్చి పడతాయి. ఏదైనా మీట కొత్తగా దొరికిన రోజున నాకు కూర వండుతున్నా అదే ధ్యాస.

అలా ఉండగా లంక గ్రామం నుంచి ఒక కొబ్బరితోట ఆసామి వచ్చాడు, కూతురి పెళ్ళికార్డుకి. కుర్చీలో కూర్చుని, కాగితం ఇచ్చి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. మా ఆయన చెప్పిన టీ వచ్చేలోపు కార్డు అయిపోయింది.

"అయిపోయిందా?" అన్నాడు ఆసామి.

"అయిపోయిందండి. పేర్లు చూసుకోండి."

తప్పు దొరుకుతుందేమోనని రెండుసార్లు చదివాడు. దొరకలేదు. మా ఆయన రేటు చెప్పారు. ఆసామి నా వైపు, ఆయన వైపు చూశాడు.

"అదేంటండీ, నా కళ్ళముందే కదా. నాలుగు మీటలు నొక్కింది అమ్మాయి. మా కాయలు దింపేవాడు చెట్టెక్కి దిగినా ఇంతకన్నా సేపు పడుద్దండి. వాడికి చెమటైనా పడుద్ది."

మా ఆయన ఎంత చెప్పినా వినలేదు. సగానికి తెగ్గొట్టుకుని, పక్క కొట్టువాడికి కూడా వినబడేలా "చిటికెలో చేసేసి దోచేస్తున్నారండి" అనుకుంటూ వెళ్ళాడు. ఆ మాట ఎలా పాకిందో గానీ, ఆ నెలంతా వచ్చినవాళ్ళు వచ్చినట్టే "మీకిది చిటికెలో పనంట కదండీ" అంటూ మొదలుపెట్టేవారు. పొద్దున్నించి సాయంత్రం దాకా ఒకే కార్డు మీద కునికిపాట్లు పడే ఎదురు షాపువాడికి అడిగినంతా ఇస్తున్నారు. తొందరగా, తప్పు లేకుండా చేసినందుకు నాకు సగం. ఎంత ఒళ్ళు మండిందో.

ఆ నెలలోనే ఒక మధ్యాహ్నం, షాపులో ఎవరూ లేనప్పుడు, క్యారేజీ విప్పి తింటున్నాం. మా ఆయన మెల్లగా మొదలుపెట్టారు.

"ఇదిగో, నీ మీద కోపంతో అనటం లేదు. నువ్వే ఆలోచించు. ఆ ఆసామి రేటుకి ఏడవలేదు. నువ్వు కష్టపడలేదని ఏడ్చాడు."

"నేను కష్టపడలేదా అండీ?"

"పడ్డావే. కనపడలేదు. కష్టం కనపడాలి. పక్కన మనిషి కూర్చున్నంతసేపూ మౌసు పట్టుకో. మెనూ కిందకి లాగు. వెతుకు. ఒకటి రెండు తప్పు నొక్కి వెనక్కి రా. మధ్యమధ్యలో కాస్త నిట్టూర్చు. వాళ్ళు వెళ్ళాక నీ ఇష్టం వచ్చినట్టు కొట్టుకో."

"నన్ను నాటకాలాడమంటారా?"

"నాటకం ఏంటి? చేపలమ్మే ఆవిడని చూళ్ళేదా? తూకం వేశాక పైన ఒక చిన్నచేప పడేసి, నీ కోసం అంటుంది. ఆ చేప ముందే తీసి పక్కన పెట్టుకుంది కదా. అది మోసం అంటావా?"

నేను అంటాననే అన్నాను. ఆయన నవ్వి నా గిన్నెలో పప్పు వేశారు. మర్నాటి నుంచి నేను మౌసు పట్టుకున్నాను. కోపం రాలేదా అంటే వచ్చింది. కానీ కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. షాపు మాది, పిల్లల చదువులు మావి. ఎవరి మీద అరుస్తాను?

చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆయన మాటే నిజమైంది. నేను మౌసుతో మెనూలన్నీ వెతుకుతూ, అబ్బా అని మెడ పట్టుకుంటూ, ఒక్క పేరు కొట్టడానికి తంటాలు పడుతుంటే జనానికి నా మీద ప్రేమ పుట్టుకొచ్చింది. "పాపం, పొద్దున్నుంచీ మా కార్డు మీదే ఉందండి" అనేవారు. కూల్‌డ్రింకు తెప్పించేవారు. ఒకావిడ పనసతొనలు తెచ్చిపెట్టింది, తింటూ చెయ్యమ్మా అని. బేరం ఆడటం మానేశారు. నిజానికి చాలా కార్డులు వాళ్ళు వచ్చేముందే అయిపోయి ఉండేవి. కాగితం ముందురోజు ఇచ్చి వెళ్ళినవాళ్ళవైతే, పొద్దున్నే షట్టరు సగం ఎత్తి, లోపల కూర్చుని టకటకా కొట్టేసి పెట్టుకునేదాన్ని. వాళ్ళు వచ్చి కూర్చున్నాక, అయిపోయినదాన్ని చాటున ఉంచి, ఖాళీ కార్డు తెరిచి మళ్ళీ మొదటి నుంచి మెల్లగా వేసేదాన్ని. పనంతా చేసి, మళ్ళీ పని చేస్తున్నట్టు చేయడం. దీనికన్నా గాడిద చాకిరీ ఏముంటుంది?

అలా ఏళ్ళు గడిచాయి. కుర్చీ లాగిన చప్పుడైతే నా కుడిచెయ్యి దానంతట అదే లేచి మౌసు మీదకి వెళ్ళేది. నేను గమనించుకోలేదు. గమనించినా మంచి అలవాటే అనుకుని ఉండేదాన్నేమో.

అందుకే ఆ ప్రకటన చూసి నాకు అంత ఆశ. అక్కడ వేగంగా చేస్తే రేటు తగ్గించరు, మార్కులు వేస్తారు. నాకు వచ్చిన పనిని నాకు వచ్చినట్టు చేసే చోటు. జీతం సంగతి తర్వాత, ముందు ఆ సుఖం కావాలి నాకు. మా ఆయనకి చూపించాను. చదివి, మడిచి, పక్కన పెట్టారు.

"వెళ్ళు. నేను వద్దంటానా?" అన్నారు.

"వస్తే షాపు ఎలాగండీ?"

"వస్తే కదా" అని, నా మొహం చూసి, "వస్తే చూసుకుందాంలే, నీకెందుకు" అని సర్దుకున్నారు.

నెల రోజులు పొద్దున్నే సగం ఎత్తిన షట్టరు వెనక కూర్చుని సాధన చేశాను. పాత పేపర్లు తెచ్చుకుని, వార్తలు కొట్టి, పేరాలు మార్చి, పట్టికలు గీసి, మౌసుని బల్ల చివరికి నెట్టేసి చేశాను. చెయ్యి ఎక్కడా తడబడలేదు. మా టైపు మాస్టారు చూసి ఉంటే నా చేతుల మీద కర్చీఫు తీసి జేబులో పెట్టుకునేవారు.

పరీక్ష రోజున మా ఆయన బస్టాండు దాకా వచ్చి సీటు పట్టి కూర్చోబెట్టారు. షాపు మూయడానికి లేదు కనక ఒక్కదాన్నే వెళ్ళాను. చించినాడ వంతెన దాటి, అమలాపురం మీదుగా కాకినాడ. దారి పొడుగునా ఒళ్ళో చేతులు పెట్టుకుని వేళ్ళు ఆడిస్తూనే ఉన్నాను. పక్కసీటావిడ జపం చేసుకుంటున్నాననుకుని నాకు కాస్త జాగా ఇచ్చింది.

ఒక కాలేజీ కంప్యూటర్ గదిలో పరీక్ష. అందరూ ఇరవైల్లో ఉన్న పిల్లలు. నన్ను చూసి, తోడు వచ్చినావిడ అనుకుని బయట కూర్చోమన్నారు, హాల్‌టికెట్ చూపించాక లోపలికి పంపారు. ముందు కీబోర్డు పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి కాసేపు వదిలేశారు. నేను మొదలుపెట్టాను. హాయిగా, ఎవరూ లేనప్పుడు మా షాపులో ఎలా చేస్తానో అలా. నా పక్క సిస్టం పిల్ల తన పని ఆపేసి చూస్తోంది.

"ఆంటీ, మౌసు ముట్టుకోకుండానే ఎలా చేసేస్తున్నారండీ?"

"అదేం లేదమ్మా, నీకూ వస్తుంది" అన్నాను. లోపల మాత్రం, ఉద్యోగం వచ్చేసింది అనుకున్నాను. దాచడం ఎందుకు, ఆఫీసుకి ఏ చీర కట్టుకెళ్ళాలో కూడా అనుకున్నాను.

అప్పుడు పరిశీలకులు వచ్చారు. ఒకరి బదులు ఒకరు చేసేయకుండా, ఇద్దరిద్దరికీ మధ్య ఒకరు. మెడలో బిళ్ళ వేసుకున్న అబ్బాయి, మా తమ్ముడి వయసుంటుంది, "నమస్కారం మేడం" అని నా పక్కకి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మొదలుపెట్టమన్నారు.

నా కుడిచెయ్యి లేచి మౌసు మీదకి పోయింది.

వెనక్కి తెచ్చుకున్నాను. ఒక లైను కొట్టాను. పక్కన మనిషి కాస్త కదిలాడు, చెయ్యి మళ్ళీ పోయింది. ఎడమచేత్తో పట్టుకుని వెనక్కి లాక్కుందామా అన్నంత కోపం వచ్చింది. పేరా ఎంచుకోవాలి. ఏ మీటలో నాకు తెలుసు, నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కానీ వేళ్ళు వాటి మీదకి పోవటం లేదు. మెనూ కిందకి లాగుతున్నాను. వెతుకుతున్నాను. ఒక తప్పు నొక్కాను, వెనక్కి వచ్చాను. ఆ తప్పు కూడా ఏళ్ళ తరబడి కావాలని నొక్కినదే, అక్కడే, అలాగే. ఇంతలో నా నోట్లోంచి "అబ్బా" అని వచ్చింది. మెడ మీద చెయ్యి వేసుకుని మరీ అన్నాను. ఆ మాట నా చెవిన పడ్డాక నాకు చెమటలు పట్టాయి. నిజం చెమటలే. ఆ కొబ్బరితోట ఆసామి చూసి ఉంటే ఎంత సంతోషించేవాడో.

"కంగారు పడకండి మేడం, టైముందండి" అన్నాడు ఆ అబ్బాయి.

మూడో ప్రశ్న, రెండు పేజీల ఉత్తరంలో ఒక మాట ఎక్కడెక్కడ ఉందో అక్కడల్లా ఇంకో మాట పెట్టడం. నేను మౌసుతో ఒక్కొక్కదాన్నే పట్టుకుని మారుస్తున్నాను. ఆ అబ్బాయి ఉండబట్టలేక, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"నేను చెప్పకూడదుగానీ మేడం, కంట్రోల్ పట్టుకుని హెచ్ నొక్కితే అన్నీ ఒకేసారి మారిపోతాయండి. ఇలా ఎన్నని మారుస్తారు?"

నాకు తెలుసు నాయనా అందామనుకున్నాను. మా ఊళ్ళో సగం పెళ్ళిళ్ళ పేర్లు నేను దాంతోనే మార్చానని చెబుదామనుకున్నాను. చివరికి తల ఊపి, అతను చెప్పినట్టే నొక్కాను, అప్పుడే నేర్చుకున్నదాన్లా. అతను సంతోషించాడు. టైము అయిపోయిందని గంట కొట్టేసరికి చివరి పట్టిక ముట్టుకోనేలేదు నేను.

బయట చెప్పులు వేసుకుంటుంటే అతనే వచ్చాడు. "ఈసారి కాస్త షార్ట్‌కట్‌లు నేర్చుకుని రండి మేడం. ఈ రోజుల్లో అవి రాకపోతే కష్టమండి" అన్నాడు. మంచివాడే. నాకు ఈసారి అన్నది లేదని అతనికేం తెలుసు?

ఉసూరుమంటూ ఇంటికొచ్చాను. మా ఆయన గుమ్మంలోనే ఎదురొచ్చారు.

"ఏమైంది?"

"అవలేదండి."

"ఏం? నెలరోజులు చేశావుగా?"

"పక్కన మనిషిని కూర్చోబెట్టారు. చెయ్యి మౌసు మీదకి పోయింది. ఎంత లాక్కున్నా రాలేదు."

"అయ్యో" అన్నారు. నిజంగానే జాలిపడ్డారు. కాళ్ళు కడుక్కోమని, తనే అన్నం వడ్డించారు. "పోనీలే, మన షాపు మనకి ఉంది" అన్నారు. కరెంటు పోయి వచ్చినప్పుడు మనిషి ఊపిరి వదులుతాడే, ఆయన గొంతులో అలాంటిదొకటి వినిపించింది. నేను అన్నం కలుపుతూ, ఆయన మొహమే చూస్తూ కూర్చున్నాను. నేనే అలవాటు చేశాను కదే అని ఒక్క మాట అంటారేమోనని. ఆ ఒక్క మాట అని ఉంటే నేను సగం మర్చిపోయేదాన్ని. ఆయన పచ్చడి జాడీ నా వైపు జరిపి, ఎదురు షాపువాడు కొత్త ప్రింటరు తెచ్చాడని చెప్పడం మొదలుపెట్టారు.

ఫలితాలు వచ్చాయి. నా నంబరు లేదు. ఆ పక్క సిస్టం పిల్లకి వచ్చిందో లేదో తెలియదు, వచ్చి ఉంటే బాగుండును.

శ్రావణమాసం వచ్చింది, కార్డుల సీజను. ఒక రోజు పొద్దున్నే బియ్యం వ్యాపారి ఒకాయన వచ్చారు. పెద్దాయన, మాకు చాలా ఏళ్ళ ఖాతాదారు. పెద్దమ్మాయి పెళ్ళికార్డు, కొత్తింటి కార్డు, వాళ్ళ నాన్నగారి దినం కార్డు, అన్నీ మా దగ్గరే, అన్నీ నా పక్కన ఆ కుర్చీలో కూర్చునే వేయించుకున్నారు. ఇప్పుడు చిన్నమ్మాయి పెళ్ళి. ముందురోజే కాగితం పంపారు. కార్డు తయారుగా ఉంది, చాటున పెట్టాను. తెర మీద ఖాళీ కార్డు తెరిచి, మౌసుతో ఒక్కో పేరూ వేసుకుంటూ పోతున్నాను.

"మీ ఆవిడ ఏదో ఉద్యోగానికి పరీక్ష రాసిందన్నారు, ఏమైందండి?" అని అడిగారు పెద్దాయన, కౌంటరు వైపు తిరిగి.

మా ఆయన రసీదు రాస్తూ, తల ఎత్తకుండా అన్నారు. "అవలేదండి. ఆవిడకి పక్కన మనిషుంటే చెయ్యి ఆడదు. మొదట్నుంచీ అంతే, ఏం చేస్తాం."

బేరానికి అబద్ధం చెప్పేటప్పుడు మా ఆయన గొంతు కొంచెం పైకి లేస్తుంది. ఇన్నేళ్ళ కాపురంలో నాకు తెలిసిన గుర్తు అది. ఇప్పుడు లేవలేదు. ఆయన నిజంగా అలాగే నమ్ముతున్నారు. క్యారేజీ దగ్గర నాకు చెప్పిన పాఠం ఆయనకి గుర్తు లేదు. నేను పుట్టుకతోనే ఇంతనని ఆయన లెక్క.

"మరేనండి" అన్నారు పెద్దాయన, ఎంతో జాలిగా. "ఇన్నేళ్ళుగా చూత్తున్నాను కదా. పాపం మెల్లగా చేత్తారు. అందరికీ చురుకు ఎక్కడుంటదండీ?"

నా చేతులు ఆగిపోయాయి. ఇంకెంతమంది అనుకుంటున్నారో ఇలా. ఈ కుర్చీలో కూర్చుని లేచిన ప్రతివాళ్ళూ, పనసతొనలు పెట్టినావిడతో సహా, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళన్నింట్లో నేను చేతకాని మనిషిని.

"నాకు చెయ్యి బాగానే ఆడుతుందండి" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. "మీ కార్డు మీరు వచ్చి కూర్చోకముందే అయిపోయింది. ఇదిగో." ఆల్ట్ ట్యాబ్ నొక్కాను. చాటున ఉన్న కార్డు పూర్తిగా తెర మీదకి వచ్చింది, శ్రీరస్తు నుంచి అభినందనల దాకా.

పెద్దాయన వంగి చూశారు. కళ్ళజోడు తెచ్చుకోలేదు. కళ్ళు చికిలించి, అర్థం కాక, మా ఆయన వైపు చూశారు.

"అది మీ పెద్దమ్మాయి కార్డండి" అన్నారు మా ఆయన. ఇప్పుడు గొంతు లేచింది. "నమూనా కోసం తీసి పెట్టుకుంది. సరదాకి అంటోందిలెండి."

పెద్దాయన నవ్వారు. ఇంటిపేరు అదే, తండ్రి పేరు అదే, ఆయనకి అనుమానమెందుకు వస్తుంది? నా భుజం దగ్గరగా చెయ్యి ఊపి, కుర్చీలో వెనక్కి జారబడి, కాళ్ళు చాపుకున్నారు.

"తొందరేం లేదమ్మా" అన్నారు. "మెల్లగానే చెయ్యి."